గుర్తుల కొట్లాట

ఆ మొద్దును జర ఇటు జరుపు బిడ్డా, పొగ అటు పోతది. కూసోండ్రి ఇద్దరు. సర్పంచ్ ఎలచ్చన్లు అయిపోయి గిన్ని రోజులైనా మీరిద్దరు మొకం మొకం చూసుకుంటలేరని మీ నాయినమ్మ నా దగ్గర కండ్లనీళ్లు పెట్టుకున్నది. సర్పంచ్ ఎలచ్చన్లల్ల పార్టీ గుర్తు గూడ ఉండదాయె. ఉంగరమో, కత్తెరనో ఇస్తరు. గా కత్తెర కోసం అన్నదమ్ముల పిల్లలు మాటలు బందువెట్టుకున్నరు.

నేను కొట్లాట వద్దని అననే అనను. ఎదురు అడిగేటోడు లేకుంటె ఈ గంగారం దాక బస్సు గూడ రాకపోవు. గని కొట్లాట దేని మీద ఉండాలె, ఎప్పుడు కట్టె కింద పెట్టాలె అన్నది తెలిసినోళ్లను కొందరిని విన్న, కొందరిని చూసిన. గా ముచ్చట్లు చెప్త.

మా నాయిన చెప్పేది. 1952ల దేశమంత తొలి ఎలచ్చన్లు. మన హైదరాబాద్ రాష్ట్రంల కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండె. అందుకని వాళ్లు పీడీఎఫ్ పేరు మీద నిలవడ్డరు. ఓరుగల్లు ఎంపీకి పీడీఎఫ్ దిక్కు పెండ్యాల రాఘవరావు, కాంగ్రెస్ దిక్కు మన కాళోజీ. ఇద్దరూ నిజాం దొరతనం మీద కొట్లాడినోళ్లే. నిన్న మొన్నటిదాక ఒక్క దిక్కు నిలవడి కొట్లాడినోళ్లు, ఇయ్యాల ఒకని మీద ఒకడు. పెండ్యాల గెలిచిండు, కాళోజీ ఓడిండు. మల్ల గదే కాళోజీ 1978ల సత్తుపల్లి పోయి, ఎమర్జెన్సీల ముఖ్యమంత్రిగ ఉన్న జలగం వెంగళరావు మీద నిలవడ్డడు. గప్పుడు గూడ ఓడిండు. గెలుస్తనన్న ఆశతోని పోయిండని నేననుకోను. ఆ పెద్దమనిషిని ఆయన ఊళ్లెనే నిలవెట్టి అడగాలె, గంతే. ఓడిపోతనని తెలిసి నిలవడుడు గూడ ఒక కొట్లాటనే, నాకు తెల్వంగ అన్నిట్ల కష్టమైన కొట్లాట.

గుర్తుల సంగతి చెప్త. నేను పోరగాన్ని ఉన్నప్పుడు కాంగ్రెస్‌ది కాడెద్దుల జోడు. 1969ల పార్టీ చీలింది, ఇందిరమ్మకు ఆవు దూడ వచ్చింది. 1978ల మల్ల చీలింది, చెయ్యి గుర్తు వచ్చింది. చదువు రానోళ్లమాయె, గుర్తునే చూసి గుద్దెటోళ్లం. ఎద్దులకు గుద్దిన ముసలోళ్లు ఆవు దూడ ఎవలదని అడుక్కుంట తిరిగేది. ఇంటి గోడల మీద జాజుతోని గీసిన గుర్తులు, ఒక ఎలచ్చన్‌వి చెరిపెయ్యకముందే ఇంకో ఎలచ్చన్ వచ్చేది. ఆనాడు మా తరమోళ్లు గుర్తు మీద పానం పెట్టిన్రు. గుర్తును పుట్టించినోళ్లేమో దాన్ని ఎన్నడు అవసరమైతె అన్నడు మార్చుకున్నరు.

ఇగ 1983. ఎన్టీ రామారావు 1982 మార్చి 29ల పార్టీ పెట్టిండు, ఏడాది తిరగక ముందే జనవరిల సైకిల్ గుర్తు మీద గెలిచిండు. గంత తొందరగ కాంగ్రెస్ అసొంటి పెద్ద పార్టీ పడిపోతదని ఎవలు గూడ అనుకోలే. మన ఏజెన్సీల గూడ ఇల్లిల్లు రెండు పక్కలైంది. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, పటేల్ పట్వారీలు పోయిన్రు. గది నచ్చినోళ్లు మెచ్చిన్రు, పట్వారీగిరి పోయినోళ్లు పండ్లు కొరుక్కున్నరు.

మరుసటేడు ఆగస్టు యాది ఉన్నది నాకు. రామారావు అమెరికాల గుండె ఆపరేషన్ చేసుకోని వచ్చిండు. వచ్చిన రెండు దినాలకే, 1984 ఆగస్టు 16 నాడు, గవర్నర్ రాంలాల్ ఆయన్ని దించిండు, నాదెండ్ల భాస్కరరావును గద్దె మీద కూసోబెట్టిండు. రేడియో కాడ ఊరు ఊరంత కూడింది. ఎమ్మెల్యేలను జారిపోకుంట కర్ణాటకకు తోల్కపోయి పెట్టుకున్నరు. రామారావు చక్రాల కుర్చీల ఢిల్లీ పోయి, నా మందిని లెక్కపెట్టుకోండ్రని రాష్ట్రపతి ముందట నిలవెట్టిండు. నెల దినాలు నడిచింది గా తమాషా. సెప్టెంబర్ 16 నాడు మల్ల ఆయన్నే ముఖ్యమంత్రిని చేసిన్రు.

గా నెల దినాలు తాలూకాఫీసుల ఒక్క కాయితం కదల్లే బిడ్డా. పని మీద పోయినోళ్లకు, "ఎవల సర్కారో తేలనీ" అన్నరు. లెక్క వాళ్లది, నష్టం మనది. గసొంటివి సూసి సూసి 1985ల పార్టీ ఫిరాయింపుల చట్టం తెచ్చిన్రు. మూడో వంతు మంది ఒక్కసారి చీలితె తప్పు కాదన్నరు గండ్ల. 2003ల దాన్ని తీసేసి, మూడింట్ల రెండొంతుల మంది వేరే పార్టీల కలిస్తెనే చెల్లుతదని మార్చిన్రు. ఈ రెండొంతుల మాట మనసుల పెట్టుకోండ్రి, మల్ల దాని కాడికి వస్త.

1984 డిసెంబర్ ఎలచ్చన్లల్ల, ఇందిరమ్మ సచ్చిపోయిన బాధల దేశమంత కాంగ్రెస్‌కు గుద్దితె, మన హనుమకొండల మాత్రం వేరే అయ్యింది. పీవీ నరసింహారావు అంతటోణ్ణి, కేంద్రంల మంత్రిగ ఉన్నోణ్ణి, బీజేపీ చందుపట్ల జంగారెడ్డి 54 వేల పైచిలుకు ఓట్లతోని ఓడగొట్టిండు. ఆ ఏడు దేశం మొత్తంల బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు. అండ్ల ఒకటి మనది. తెలుగుదేశం మద్దతు ఉండె జంగారెడ్డికి. పీవీని సొంత జిల్లా ఓడగొట్టిందని పేపర్ల నిండ అదే.

గని నాకు గుండెకు తాకింది గది కాదు. ఏడేండ్ల తర్వాత, 1991ల, పీవీ ప్రధానమంత్రి అయ్యిండు. ఎంపీగ గెలవాలె గద, నంద్యాలల ఉప ఎన్నిక పెట్టిన్రు. రామారావు అప్పుడు గద్దె దిగి ఉన్నడు. తనను దించిన పార్టీ కాంగ్రెస్, పేరు ఎత్తితె మండిపోతడు. పీవీని ఒక్కసారి ఓడగొట్టిన దారి తెలిసినోడు గూడ. అయినా తెలుగోడు మొదటిసారి ప్రధాని అయ్యిండని, నంద్యాలల తెలుగుదేశం దిక్కు నుంచి ఎవల్ని నిలవెట్టలే. పీవీ ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీతోని గెలిచిండు.

గంత పెద్ద మనసు చూపెడితె దానికి ఫలం ఏం దొరికిందంటరా? తర్వాత తెలుగుదేశం ఎంపీలల్ల చీలిక వచ్చి కొందరు పీవీ సర్కారు దిక్కు పోయిన్రు. రామారావు పొరపాటు చేసిండని గప్పుడు మస్తుమంది అన్నరు. నేను ఇయ్యాలటికీ అనను. ఎదుటోడు వాపసు చెయ్యలేదని మంచి పని చెడ్డది కాదు.

మన పెద్దమ్మాయి లండన్ల చదువుకుంటున్నది గద, ఆమె ఫోన్ల ఒక ముచ్చట చెప్పింది. నాకు నంద్యాల యాదికొచ్చింది. గా దేశంల పార్లమెంటుల రెండు పార్టీలు ఎదురెదురు బల్లల మీద కూసుంటరట. ప్రతి బుధవారం ప్రధానిని నిలవెట్టి అడుగుతరట, కేకలు, ఎద్దేవలు మస్తు. ఎదుటి పార్టీ నాయకునికి 1937 నుంచి సర్కారే జీతం ఇస్తదట. మమ్ముల అడగనీకి నీకు జీతం అన్నట్టు. మన పార్లమెంటుల గసొంటి చట్టం 1977ల వచ్చింది.

ఇగ ఆమె చెప్పిన ముచ్చట. 1979 మార్చి 28. అక్కడ లేబర్ పార్టీ సర్కారు, జేమ్స్ కాలహన్ ప్రధాని. అవిశ్వాసం పెట్టిన్రు. రెండు దిక్కుల ఒకటి రెండు ఓట్ల తేడా. లేబర్ ఎంపీ ఒకాయన, ఆల్‌ఫ్రెడ్ బ్రాటన్, సావు మంచం మీద ఉన్నడు. అంబులెన్సుల వస్తనన్నడు ఆయన. తోవల పానం పోతదేమోనని వద్దన్నరు. అక్కడ ఒక రివాజు ఉన్నది, ఒక పార్టీ ఎంపీకి పానం బాగలేకుంటె ఎదుటి పార్టీల ఒకడు గూడ ఓటెయ్యకుంట ఊకుంటడు, లెక్క సమానం అయితది. లేబర్ దిక్కు ఎంపీలను కూడగట్టే వాల్టర్ హ్యారిసన్, ఎదుటి పార్టీల తనలెక్క గదే పని చేసే బెర్నార్డ్ వెదరిల్‌ను పోయి అడిగిండు. అవిశ్వాసానికి ఆ రివాజు వర్తించదు, మా వాళ్లెవరు ఒప్పుకోరు అన్నడు ఆయన. అని జరసేపు ఆగి, నేను మాటిచ్చినోణ్ణి, నేనే ఓటెయ్యకుంట ఉంట అన్నడు. అట్ల చేస్తె సొంత పార్టీల ఆయన బతుకు ఆన్నే ఖతం. హ్యారిసన్‌కు గది తెలుసు. నీ మీద అంత బరువు పెట్టను, పోయి ఓటెయ్యి అని వదిలిపెట్టిండు.

311 మంది అటు, 310 మంది ఇటు. ఒక్క ఓటుతోని సర్కారు పడిపోయింది. ఆ బ్రాటన్ ఐదు దినాలకే సచ్చిపోయిండు. మే నెల ఎలచ్చన్లల్ల ఎదుటి పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ గెలిచింది, పదకొండేండ్లు ఏలింది. ఆ వెదరిల్ యుద్ధంల మన దేశంలనే సిపాయిల మీద ఆఫీసర్ పని చేసిండట, బెంగాల్ కరువు చూసి మాంసం మానుకున్నడట. ఇద్దరు పక్కా పార్టీ మనుషులు బిడ్డా, రేయింబగళ్లు ఒకని ఓట్లు ఒకడు లెక్కపెట్టుకునుడే వాళ్ల పని. అయినా గా రాత్రి ఒకడు తన బతుకును ఎదుటోని చేతుల పెట్టిండు, ఎదుటోడు దాన్ని తీసుకోలే. సర్కారు పోతదని తెలిసీ తీసుకోలే.

గసొంటోళ్లు మన దిక్కు లేరనకుండ్రి. పక్క నర్సంపేటల మద్దికాయల ఓంకార్ ఉండె. 1972 నుంచి 1989 దాక ఐదుసార్లు గెలిచిండు. సీపీఎం నుంచి బయటికొచ్చినంక గూడ జనం గెలిపిచ్చిన్రు, అంటె గుర్తుకు కాదు మనిషికి గుద్దిన్రు. ఎన్నడు మంత్రి కాలే. అసెంబ్లీల లేచి నిలవడ్డడంటె అధికార పక్షం కాయితాలు సదురుకునేదట. ఎదుటి పక్షం అంటె గట్ల ఉండాలె. నువ్వు దొంగ, నీ నాయిన దొంగ అనుడు కాదు, ఫలానా ఊరికి ఫలానా పైసలు ఎక్కడ పోయినయి అనుడు.

ఇగ మన ములుగు నియోజకవర్గం చూడండ్రి. అజ్మీరా చందులాల్ తెలుగుదేశంల ఎమ్మెల్యే, వరంగల్ ఎంపీ. సీతక్క గూడ తెలుగుదేశంల 2009ల గెలిచింది. 2014 వచ్చేసరికి చందులాల్ టీఆర్ఎస్ కారు, సీతక్క సైకిల్, పోదెం వీరయ్య చెయ్యి. చందులాల్ గెలిచి మంత్రి అయ్యిండు. 2018ల సీతక్క చెయ్యి గుర్తు మీద చందులాల్‌ను ఓడగొట్టింది, వీరయ్య భద్రాచలం పోయి గెలిచిండు. వాళ్లను తప్పు పడతలేను, ఎవల తిప్పలు వాళ్లవి. గని సైకిల్ కోసం తలలు పగలగొట్టుకున్న మన ఊరోళ్లు ఆ తలలు పట్టుకోని ఎవల దిక్కు చూడాలె?

రెండొంతుల మాట చెప్పిన గద. 2018ల కాంగ్రెస్‌కు తెలంగాణల 19 మంది గెలిచిన్రు. ఒకాయన ఎంపీ అయ్యి రాజీనామా పెట్టినంక 18 మంది. అండ్ల సరిగ్గ 12 మంది 2019 జూన్ల టీఆర్ఎస్‌ల కలిసిన్రు. పద్దెనిమిదిల రెండొంతులు పన్నెండు, ఒక్కడు ఎక్కువ లేడు తక్కువ లేడు. ప్రతిపక్ష హోదా పోయింది. 2023ల సర్కారు మారి కాంగ్రెస్ వచ్చినంక, గదే టీఆర్ఎస్ దిక్కు నుంచి కాంగ్రెస్ దిక్కు పోయిన్రు పది మంది. అప్పుడు ఏడ్చినోళ్లు ఇప్పుడు నవ్విన్రు, అప్పుడు నవ్వినోళ్లు కోర్టుకు పోయిన్రు. 2019ల కాంగ్రెస్‌ల మిగిలిన ఆరుగురిల సీతక్క ఉండె. మరుసటేడు కరోనా లాక్‌డౌన్ల సంచులు మోసుకోని తోవ లేని గూడేలకు పోయింది. చేతుల పదవి లేదు, బడ్జెట్ లేదు. ఎదుటి పక్షంల ఉండుకుంట చేసిన ఆ పని నేను మరువ.

ఇగ నా కడుపు మండే సంగతి. 2014ల రాష్ట్రం ఇచ్చేటప్పుడు చట్టంలనే రాసిన్రు, తెలంగాణల గిరిజన విశ్వవిద్యాలయం పెడతమని. ములుగుల అన్నరు. ఆంధ్రల గసొంటిదే విజయనగరం జిల్లాల 2019ల మొదలువెట్టిన్రు. మనది? ఢిల్లోళ్లు, మీ రాష్ట్రం జాగ చూపెట్టుడు లేటు చేసింది అన్నరు. హైదరాబాదోళ్లు, మేము జాగ ఇచ్చినం మీరే కావాలని ఆపిన్రు అన్నరు. పేపర్ల ఒకనాడు వీళ్ల మాట, ఒకనాడు వాళ్ల మాట. ఎవలు ఎవల్ని బాగ తిట్టిన్రో టీవీల చూసి మనోళ్లు గూడ చప్పట్లు కొట్టిన్రు. బిల్లు పాసయ్యింది 2023 డిసెంబర్ల. తొమ్మిదేండ్లు! ఆ తొమ్మిదేండ్లల్ల మన కొత్తగూడ, గంగారం, తాడ్వాయి గూడేలల్ల ఇంటర్ పాసైన కోయ పిల్లలు, లంబాడ పిల్లలు ఎంతమంది మిర్చి ఏరనీకి పోయిన్రో, ఎంతమంది ఆడపిల్లల లగ్గాలు చేసిన్రో ఏ పార్టోడన్న లెక్కపెట్టిండా? ఎమ్మెల్యేలను లెక్కపెట్టొచ్చినోళ్లకు ఈ లెక్క రాదా?

పోడు భూముల కాడ గూడ గదే. చట్టం 2006ల మేము తెచ్చినం అని ఒకలు. 2023ల నాలుగు లక్షల ఎకరాలకు పట్టాలు మేము ఇచ్చినం అని ఒకలు. రెండూ నిజమే. రానోళ్ల సంగతి ఎవలన్న ఎత్తుతున్నరా? మన గంగారం 2016ల మండలమైంది. కలెక్టర్ మానుకోటల, ఎమ్మెల్యే ములుగుల, ఐటీడీఏ ఏటూరునాగారంల. ఒక కాయితం కోసం మూడు దిక్కుల తిరగాలె, మూడు దిక్కుల ఒకే జవాబు, అది అవతలోళ్ల పని.

గీటి మీద కొట్లాడండ్రి. గొంతు పోయేదాక కొట్లాడండ్రి. నీ పార్టీ సర్కారు ఉన్నప్పుడు నువ్వు నీ వాళ్లను అడుగు, వాని పార్టీ ఉన్నప్పుడు వాడు వాని వాళ్లను అడగాలె. గది చేసినోన్ని నేను మొగోడంట.

ములుగు కాడ జాకారంల గా గిరిజన విశ్వవిద్యాలయం పాఠాలు తాత్కాలికంగ మొదలువెట్టిన్రు, 2024ల. ఇంగ్లీషు ఒకటి, అర్థశాస్త్రం ఒకటి. సొంత బిల్డింగులు ఇంక కావాలె, సైన్సు కోర్సులు రావాలె, హాస్టల్ కావాలె. మీ చెల్లె ఈ ఎండాకాలం ఇంటర్ పరీక్ష రాస్తది. ఆమె లెక్కలు చదువుతనంటున్నది, ఆడ లెక్కల కోర్సు ఎన్నడొస్తదో ఎవలు చెప్తరో కనుక్కోండ్రి.