శార్వరి నాటి కవితాగోష్ఠి – నాందేడు సీమ

నాందేడు గోదావరీతీరమందలి ప్రాచీనపట్టణము. సిక్కుల పదవ గురువగు గోవిందసింగు 1708లో ఇచటనే దేహము చాలించెను. అందువలన ఈ పట్టణము దేశమంతట యాత్రాస్థలముగా ప్రసిద్ధి కెక్కినది. తెలుగువారికి దీనితో గల సంబంధము వేఱొక విధమైనది. 1956 నవంబరు 1వ తేదివఱకు నాందేడు జిల్లా హైదరాబాదు రాష్ట్రమున నుండెను. రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు జిల్లాలోని ముథోలు, భైంసా, కుభీరు, బిచ్కుంద, జుక్కలు ప్రాంతములు ఆంధ్రప్రదేశమున జేరెను. తక్కిన జిల్లా బొంబాయి రాష్ట్రమునకు పోయెను. ఆదిలాబాదు జిల్లానుండి విడిపోయిన కిన్వటు, ఇస్లాపూరు ప్రాంతములు నేడు నాందేడు జిల్లాలో నున్నవి. కనుక ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వటు ప్రాంతములందు ఇంట తెలుగును, బడిలో మరాఠీని వాడు కుటుంబములు నేటికిని గలవు. తెలుగు చక్కగా మాటలాడగలిగియు, తెలుగు లిపి చదువ నేరనివా రట్టి కుటుంబములలో నుండుట సహజము.

ఇట్టి సీమయందు 2020వ సంవత్సరపు మహమ్మారి కాలమున తెలుగు కవితకు కలిగిన గతి యెట్టిదో విచారింపదగియున్నది.

ఆ సంవత్సరము మార్చి 25వ తేది శార్వరి నామ సంవత్సరపు ఉగాది. మహారాష్ట్రులకు అదియే గుడిపాడ్వా. నాందేడులో రెండు భాషలవారికిని పండుగ యొకనాడే వచ్చినది. దేశమంతట ఇరువదియొక్క దినముల లాక్‌డౌను ప్రారంభమైనదియు ఆనాడే. శార్వరి యనగా రాత్రి. సంవత్సరము పేరునకు తగినట్లే వీధులు నిర్మానుష్యములయ్యెను. ఉగాదినాడు పంచాంగశ్రవణమును, కవిసమ్మేళనమును జరుపుట తెలుగువారి ఆచారము. ఆనాడు సభామందిరములు మూతబడెను. ప్రయాణికుల రైళ్లు అంతకుముందే నిలిచిపోయినందున నాందేడు నుండి సరస్వతీక్షేత్రమగు బాసరకు గాని, నిజామాబాదునకు గాని రైలుప్రయాణము లేకపోయెను. 1956 నాటి సరిహద్దును దాటి బంధువుల యిండ్లకు రాకపోకలు సాగించువారికి ఆ సరిహద్దు గోడవలె నయ్యెను.

ఈ పరిస్థితిలో కవితాగోష్ఠి సెల్‌ఫోనును ఆశ్రయించెను. తెలుగు లిపి 1991 నుండియే యూనికోడునం దుండుటచే, ఫోనుపై తెలుగున వ్రాయుట అప్పటికే సామాన్యులకు అలవడియుండెను. కవులు వచనకవితలను, పద్యములను, పాటలను వ్రాసి వాట్సాప్ బృందములకును, ఫేసుబుక్కునకును పంపసాగిరి. కొందఱు తమ కంఠముతోనే చదివి ఆ ధ్వనిని పంపిరి. అష్టావధానములు సైతము జూమ్ వంటి సాధనములపై జరిగెను. పృచ్ఛకు లొక్కొక్కరు ఒక్కొక్క ఊరినుండి సమస్యల నిచ్చిరి. అమెరికాలోని తానా సంస్థవారు 2020 మే మాసమున ప్రపంచసాహిత్యవేదికను నెలకొల్పి నెలనెలా అంతర్జాలసభలు నడపిరి. వంగూరి ఫౌండేషనువారి ప్రపంచ తెలుగు సాహితీసదస్సు అదే సంవత్సరము అక్టోబరులో ఈ విధముగనే జరిగెను.

ఇందు గమనింపవలసిన విషయమొకటి కలదు. పూర్వము హైదరాబాదులోని కవిసభకు నాందేడు వాసి పోవలెనన్న ప్రయాణము, వ్యయము, బస యను మూడును అడ్డము వచ్చెడివి. ఇప్పుడు హైదరాబాదువాడును, నాందేడువాడును సభకు సమానదూరమున నుండిరి. లిపి యెఱుగనివాడును చెవితో విని యానందించుటకు వీలు కలిగెను. వీధులు మూసిన ఆపదయే భాషకు ఈ ద్వారమును తెఱచినది.

కవితావస్తువును ఆ దినములలోనే మార్పు నొందెను. మొదట వ్యాధిభయము, శుభ్రత, వైద్యులయు పారిశుద్ధ్యకార్మికులయు ప్రశంస మిక్కుటముగా నుండెను. పిమ్మట కాలినడకను స్వగ్రామములకు పోవు వలసకూలీల దుఃఖము ప్రధానవస్తు వయ్యెను. మే 8వ తేది ఉదయమున, జాల్నా నుండి నడచివచ్చి అలసి పట్టాలపై నిద్రించిన 16 మంది కార్మికులు గూడ్సుబండి క్రింద పడి మరణించిరి. కర్మాడు సమీపమున జరిగిన ఆ ఘోరము దక్షిణమధ్య రైల్వే నాందేడు డివిజనులోనిదే. పట్టాలపై చెదరిన రొట్టెల చిత్రమును చూచి కంట తడిపెట్టనివారు అరుదు. ఇండ్లలో నున్నవారి గూర్చి మొదలైన కవిత ఇండ్లు చేరలేనివారి యొద్దకు పోయెను.

అయితే ఈ కవిత నిలుచునా? ఈ ప్రశ్నకు తెలుగు సాహిత్యచరిత్రలోనే ఉదాహరణ కలదు. తెలంగాణమున కవులు లేరన్న యపవాదమునకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 కవులను ఒకచోట చేర్చిరి. అందలి పద్యములన్నియు మహాకవిత్వమని యెవ్వరును అనరు. కాని ఆ గ్రంథము లేనిచో ఎన్నియో పేర్లు నేటికి మిగిలియుండెడివి కావు. సెల్‌ఫోనులోని కవిత అంతకంటెను దుర్బలము. చేతులు మారినకొలది కవిపేరు రాలిపోవును. ఫోను పాడైనచో కవిత మాయమగును. లాక్‌డౌను కవితలలో పునరుక్తి హెచ్చు, శిల్పము తక్కువ యను ఆక్షేపణ కొంత సత్యమే. అయినను ఆ దినములలో సామాన్యుడు దేనికి భయపడెనో, ఎవరిని తలచుకొనెనో తెలుపు సాక్ష్యము ఆ కవితలయందే కలదు.

కావున సరిహద్దు సీమలలోని తెలుగు సంఘములు ఆనాటి రచనలను సేకరింపవలెను. ప్రతి రచనకును కవిపేరు, ఊరు, తేది చేర్చి, కవి యనుమతితో ముద్రింపవలెను. ధ్వనిరూపమున నున్నవానిని లిపిబద్ధము చేయవలెను. ముఖ్యముగా దెగ్లూరు, కిన్వటు వంటి చోట్ల ఒక్క పాటయే వ్రాసి మఱి వ్రాయనివారి పేర్లు విడువరాదు. 1934లో ఉత్తరములు, పత్రికలు ఆధారముగా సాధ్యమైన పని, నేటి సాధనములతో అసాధ్యము కానేరదు. జాగుచేసినచో ఆ ఫోనులే మిగులవు.