మెదడువాపు అని రాసేసి ఊరుకుంటే సరిపోతుందా?

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఒకే తరహా జబ్బుతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళలో 183 మంది పోయారు, అంటే సగానికి పైనే. పుణె నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ వాళ్ళు 2004లో లాన్సెట్‌లో వేసిన లెక్కలివి. ఆ వేసవి మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు వాళ్ళకి.

జబ్బు వరస ఏమిటంటే, ఉన్నట్టుండి గట్టి జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆ వెంటనే స్పృహ తప్పడం. చాలామంది ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపే చనిపోయారు. పరీక్షల రిపోర్టులు వచ్చేలోపే అంతా అయిపోయేది.

ఇలాంటివి జరిగితే మన దగ్గర మొదట అనుమానించేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నే. దాని వెనక పందులు, వరిపొలాల్లో పెరిగే క్యూలెక్స్ దోమలు ఉంటాయి. కానీ ఈసారి పుణె ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కనబడింది తుపాకి గుండు ఆకారంలో ఉన్న వేరే వైరస్. రేబిస్ వైరస్ కుటుంబానికి చెందినదే. పేరు చండీపుర.

విచిత్రం ఏమిటంటే ఇది కొత్త వైరస్ కాదు. 1965లో నాగపూర్‌లో డెంగీ, చికున్‌గున్యా జ్వరాలు ప్రబలినప్పుడు ఇద్దరు రోగుల రక్తంలో దొరికింది. అక్కడి ఒక ఊరి పేరే దీనికి పెట్టారు. 1980లో మధ్యప్రదేశ్‌లో మెదడు జబ్బుతో ఉన్న ఒక రోగిలోనూ కనబడింది. అయినా దీన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. 38 ఏళ్ళ తర్వాత 183 మంది పిల్లలు పోతే గానీ అందరికీ దాని పేరు తెలియలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. వైరాలజిస్ట్ టి. జాకబ్ జాన్ 2004లోనే లాన్సెట్‌లో ఒక ప్రశ్న లేవనెత్తారు. అసలిది మెదడువాపేనా, లేక మెదడు రక్తనాళాల మీద దాడా అని. హైదరాబాద్‌లో ఆ పిల్లలకు వైద్యం చేసిన డాక్టర్లు కొందరు కూడా దీన్ని పక్షవాతం లాంటి 'బ్రెయిన్ ఎటాక్' అన్నారు. ఇది పండితుల గొడవ అని తీసిపారేయకండి. కారణం ఏదో తేలకుండా మందు ఎలా వెతుకుతారు?

నివారణ సంగతీ అంతే. చండీపురను మోసుకొచ్చేది ప్రధానంగా శాండ్‌ఫ్లై, అంటే దోమకన్నా చిన్న ఈగ. మట్టి గోడల పగుళ్ళలో, పశువుల పాకల్లో ఉంటుంది. జబ్బు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుంటే వరిపొలాల వైపు చూస్తాం, ఈగేమో ఇంటి గోడలోనే ఉంటుంది.

మన ఫీల్డ్‌లో చెప్పాలంటే 'మెదడువాపు' అనేది ఎర్రర్ మెసేజ్ మాత్రమే. సర్వర్ పడిపోయిందని చెబుతుంది, ఎందుకు పడిందో చెప్పదు. టికెట్‌లో ఆ ఒక్క ముక్క రాసి క్లోజ్ చేస్తే మేనేజర్ ఊరుకుంటాడా? పిల్లల ప్రాణాల విషయంలో మాత్రం అదే చేస్తున్నాం.

2024నే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం జూన్ మొదటి నుంచి ఆగస్టు 15 వరకు ప్రధానంగా గుజరాత్‌లో 245 కేసులు, 82 మరణాలు. చండీపుర అని నిర్ధారణ అయినవి 64. మిగతా 181 మందికీ ఏమైనట్టు? వాళ్ళు రికార్డుల్లో 'అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్' కింద ఉన్నారు. అది మళ్ళీ లక్షణాల పేరే.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కి టీకా ఉంది, మన దేశంలో 2006 నుంచి పెద్ద ఎత్తున వేస్తున్నారు. చండీపురకి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. ఫిట్స్ ఆపడం, మెదడులో ఒత్తిడి తగ్గించడం, ఊపిరి నిలబెట్టడం, అంతే. అందులోనూ మొదటి కొన్ని గంటలే కీలకం.

నా అభిప్రాయం ఒక్కటే. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల శాంపిల్ తీసి, ల్యాబ్‌కి పంపి, జవాబు వచ్చేదాకా ఫైలు మూయకూడదు. 1965లో దొరికిన క్లూని 2003 దాకా మర్చిపోయాం. ఈసారైనా గుర్తుపెట్టుకుందాం.