డీజెల్ ఇంజెక్టరు పుట్టుపూర్వోత్తరములు

డీజెల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదని మనము ఎరుగుదుము. పెట్రోలు ఇంజనులో స్పార్కు ప్లగ్గు చేయు పనిని ఇందులో వట్టి గాలియే చేయును. సిలిండరులోని గాలిని పిస్టను పదునారవ వంతునకో పదునెనిమిదవ వంతునకో నొక్కివేసినప్పుడు ఆ గాలి కొలిమిలో ఎర్రబారిన ఇనుమువలె వేడెక్కును. ఆ క్షణమున దానిలోనికి చమురును చిమ్మినచో అది తనంత తానే అంటుకొనును. చెప్పుటకు ఇంతే. కాని ఆ చిమ్ముట యను ఒక్క పనిని చక్కగా నేర్చుకొనుటకు లోకమునకు ముప్పది సంవత్సరములు పట్టినది. నేటికిని ఒక ట్రక్కు బాగుగా నడచుటయు, పొగ క్రక్కుచు పాడగుటయు ఎక్కువగ ఆ చిమ్ముడు గొట్టము మీదనే ఆధారపడి యున్నవి. దానినే ఇంజెక్టరు అందురు.

దాని పని ఎంత సున్నితమో ముందుగా లెక్క చూతము. ఆరు సిలిండర్ల పెద్ద పికప్ ట్రక్కు నిండు బరువు లాగుచున్నప్పుడు సైతము ఒక సిలిండరునకు ఒక్కసారికి కావలసిన చమురు రెండు బొట్లకు మించదు. ఇంజను నిమిషమునకు 2,400 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఆ రెండు బొట్లను లోపలకు పంపుటకు దొరకు వ్యవధి సెకనులో సుమారు ఐదువందలవ వంతు. లోపల ఒత్తుకొనియున్న గాలిని త్రోసికొని పోవలెను. పొగమంచువలె పొడిపొడి కావలెను. గాలి యున్న తావులన్నిట సమముగా పరచుకొనవలెను. బొట్టు పెద్దదైనచో కాలక మసి యగును. వేళ తప్పినచో ఇంజను సుత్తితో కొట్టినట్లు మ్రోగును.

ఈ ఇంజనుకు పేరిచ్చిన రుడాల్ఫ్ డీజెల్ 1858 లో పారిస్ నగరమున జర్మను దంపతులకు జన్మించెను. మ్యూనిక్ లో ఇంజనీరింగు చదివి, శీతల యంత్రముల నిర్మాణమున ప్రసిద్ధుడైన లిండె వద్ద పనిచేసెను. ఆనాటి ఆవిరి యంత్రము బొగ్గులోని వేడిలో తొంబది పాళ్ళు వృథా చేయుచున్నదని అతని బాధ. 1892 లో తన నూతన యంత్రమునకు పేటెంటు కోరెను. ఔగ్స్‌బర్గ్ లోని యంత్రశాల వారు ప్రయోగమునకు అంగీకరించిరి. 1893 ఆగస్టు 10 వ తేదీన తొలిసారి ఇంధనము అంటుకొన్నప్పుడు ఒత్తిడిని కొలుచు సాధనము పగిలి ఎగిరిపోయినది! మరుసటి ఏడు ఫిబ్రవరి 17 న ఇంజను ఒక్క నిమిషము తన కాళ్ళపై తాను నిలిచినది. అంతవరకు దానిని బయటి బెల్టుతో త్రిప్పుచుండిరి. ఆనాడు త్రిప్పవలసిన బెల్టును ఇంజనే లాగుట గమనించిన ఫిట్టరు, మాట పలుకక, తలపైనున్న టోపీ తీసెనట.

అయినను ప్రధానమైన చిక్కు తీరలేదు. డీజెల్ మొదట చమురును పంపుతోనే నేరుగా చిమ్మ జూచెను. ఆనాటి పంపులకు అంత ఒత్తిడియు లేదు, అంత ఖచ్చితమును లేదు. విసిగిన డీజెల్ మరియొక త్రోవ త్రొక్కెను. వాతావరణ పీడనమునకు అరువది రెట్లకు పైగా నొక్కిన గాలిని వేరొక కంప్రెసరులో సిద్ధపరచి, ఆ గాలి విసురుతో చమురును సిలిండరులోనికి ఊదించెను. చమురు చక్కని పొగమంచు అయినది. 1897 లో ప్రొఫెసరు ష్రోటర్ పరీక్షించినప్పుడు ఇంధనపు వేడిలో 26.2 శాతము పనిగా మారినట్లు తేలినది. లోకము ముక్కుమీద వేలు వేసికొన్నది.

కాని ఆ కంప్రెసరును చూడుడు! ఇంజను పుట్టించు శక్తిలో కొంత అదే తినివేయును. దానికి చల్లార్చు నీరు, గాలిసీసాలు, కవాటములు వేరుగా కావలెను. 1897 నాటి యంత్రము సుమారు పదడుగుల ఎత్తు, నాలుగున్నర టన్నుల బరువు. దాని శక్తి యేమో ఇరువది అశ్వశక్తికి లోపు. ఓడలకు, విద్యుత్కేంద్రములకు ఈ బరువు లెక్క కాదు. 1912 లో డెన్మార్కువారి ‘సెలాండియా’ డీజెల్ బలముతో మహాసముద్రములు దాటినది. బండికి మాత్రము పనికిరాదు. చిన్న పనివారలకు, చేతిపనులవారికి చౌకగా శక్తి నందీయవలెనని కలలుగన్న డీజెల్, తన యంత్రము పెద్ద ఫ్యాక్టరీల సొత్తగుటయే చూచెను. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లీషు చానెల్ దాటుచున్న స్టీమరు నుండి అతడు అదృశ్యుడయ్యెను. అటుపై దొరికినది కళేబరమే.

ఇక్కడ ఒక పాత తగవు ప్రస్తావించక తప్పదు. డీజెల్ పేటెంటుకు రెండేండ్లు ముందే, 1890 లో, ఇంగ్లండునందలి హెర్బర్ట్ ఎక్రాయిడ్ స్టూవర్ట్ ఒక చమురు ఇంజనుకు పేటెంటు పొందెను. గ్రాంథం పట్టణములోని హార్న్స్‌బీ కంపెనీ దానిని తయారు చేసినది. అందులో గాలి ఊదుట లేదు. చిన్న పంపు చమురును నేరుగా నెట్టును. కనుక ఆ ఇంజను కీర్తి అంతయు స్టూవర్టుదే యని కొందరు ఆంగ్లేయులు చాలకాలము వాదించిరి. మా అభిప్రాయమున ఈ వాదము సగము మాత్రమే నిజము. స్టూవర్టు ఇంజనులో చమురు అంటుకొనినది గాలి నొక్కుడు వేడిచేత కాదు. ముందుగా దీపముతో కాల్చిన ఇనుప బుర్ర వేడిచేత. నొక్కుడు వేడితో మండించుట డీజెల్ సొత్తే. కాని నేడు మన వీథులలో తిరుగు ఏ లారీలోనైనను డీజెల్ ఊదుడు కంప్రెసరు లేదు; స్టూవర్టు నమ్మిన పంపు వంటిదే కలదు.

గాలి ఊదుట వదలి ఒత్తిడితోనే చిమ్ము పద్ధతిని పెద్ద ఇంజనులలో నిలబెట్టినవాడు వికర్స్ కంపెనీ ఇంజనీరు జేమ్స్ మెక్‌కెక్నీ. అతని పేటెంటు 1910 నాటిది. కంప్రెసరు పెట్టుటకు చోటు చాలని జలాంతర్గాములకు అది వరమైనది. చమురునంతను ఒకే గొట్టములో ఒత్తిడిగా నిలువ ఉంచి, అక్కడినుండి సిలిండర్లకు పంచిపెట్టు ఆలోచన ఇచ్చటనే కానవచ్చుచున్నది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తొంబదేండ్ల తరువాత మరల వచ్చును. దానికి ఒక్క ఏడు ముందు, 1909 లో, మాన్‌హైమ్ నందలి బెంజ్ కంపెనీలో ప్రాస్పర్ లారాంజ్ వేరొక ఉపాయము కనిపెట్టెను. ప్రధాన సిలిండరు ప్రక్కన చిన్న గది యొకటి చేసి, చమురును మొదట అందులో చిమ్మిరి. అచ్చట కొంత కాలి, ఆ ప్రేలుడు మిగిలిన చమురును పెద్ద గదిలోనికి చిందించును. చిమ్ముట కొంచెము మోటుగా ఉన్నను పని జరుగును. 1923 లో బెంజ్ వారు ఈ పద్ధతిని లారీ కెక్కించిరి. 1924 లో మాన్ కంపెనీవారు ప్రక్క గది లేకుండగనే చిమ్ము లారీని చూపిరి.

మిగిలినది పంపు. ఒక్కొక్క కంపెనీ తన పంపును తానే చేసికొనుచు, పొరబాట్లతో పోరాడుచుండెను. స్టుట్‌గార్ట్ లో మాగ్నెటోలు చేసి పేరుపొందిన రాబర్ట్ బాష్ 1922 లో ఈ పనికి పూనుకొనెను. 1927 చివర పంపులు వరుసగా తయారగుట మొదలైనది. దాని కిటుకు ఎంత ముచ్చటైనదో వివరింపక విడువలేము. పంపులోని దండము ఎప్పుడును ఒకే ఎత్తు పైకి లేచును. ఆ దండముపై ఏటవాలుగా ఒక గాడి చెక్కియుండును. దండమును కొంచెము త్రిప్పినచో ఆ గాడి ప్రక్కనున్న రంధ్రమును ముందుగానో వెనుకగానో తెరచును. తెరచిన వెంటనే ఒత్తిడి పోయి చిమ్ముట ఆగును. అనగా త్రిప్పిన కొలదియే చమురు. డ్రైవరు కాలితో నొక్కు పెడలు తుదకు ఆ దండములను త్రిప్పుటకే. దండమునకును దాని గొట్టమునకును నడుమ సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు. ఆ రెండింటిని జంటగా నూరి సరిపుచ్చుదురు. ఒకదాని జోడు మరియొకదానికి కుదరదు. ఈ పంపు చేతికందిన తరువాత డీజెల్ లారీలు తామరతంపరగా పెరిగినవి. 1936 లో మెర్సిడెస్ 260 డి యను కారులోను ప్రవేశించినది.

మన దేశమునకు ఈ విద్య 1951 లో బాష్ వారి సహకారముతో బెంగుళూరున నెలకొన్న మైకో కంపెనీ ద్వారా వచ్చినది. ఆయిలు ఇంజను బాగుచేయువారు నాజిలును విప్పి, చేతి పంపుకు తగిలించి, పొగవలె చిమ్ముచున్నదా ధారవలె కారుచున్నదా యని చూచుట మనలో పలువురు చూచినదే. ఔగ్స్‌బర్గ్ లో డీజెల్ పడిన వేదన యంతయు ఆ ఒక్క చూపులో నున్నది.

అమెరికాలో ఈ ఇంజనుకు ప్రచారకుడు ఇండియానా రాష్ట్రములోని క్లెస్సీ కమిన్స్. 1931 లో ఇండియానాపొలిస్ ఐదువందల మైళ్ళ పందెమున అతని డీజెల్ కారు ఒక్కసారియైనను ఆగక పందెము ముగించినది. గెలువలేదు, పదమూడవదిగా వచ్చినది. కాని ఆగకుండుట అంతకు పూర్వము ఏ కారుకును సాధ్యము కాలేదు. అయినను ఆ దేశపు పికప్ ట్రక్కులలో డీజెల్ నిలదొక్కుకొనుటకు మరి ఐదు దశాబ్దములు పట్టినది. 1989 లో డాడ్జ్ కంపెనీ ట్రాక్టర్లకు, లారీలకు ఉద్దేశించిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనును తన పికప్ లో బిగించినది. అశ్వశక్తి 160 మాత్రమే. కాని సిలిండరులోనికి నేరుగా చిమ్ముట, టర్బో, ఇనుప దిమ్మె వంటి నిర్మాణము చూచి రైతులు, పశువుల ట్రైలర్లు లాగువారు దానిని వదలలేదు. 1994 లో దానికి బాష్ వారి వరుస పంపు అమరినది. పై జెప్పిన ఏటవాలు గాడి పంపునకు అది మనుమడే.

ఇంజను దిమ్మె అడిగినదానికంటె ఎక్కువ భరింపగలదని యజమానులు త్వరలోనే కనుగొనిరి. పెద్ద రంధ్రముల ఇంజెక్టర్లు అంగడిలోనికి వచ్చినది ఇట్లే. అవి ‘యాబది అశ్వశక్తి’, ‘నూరు అశ్వశక్తి’ అను పేర్లతో అమ్ముడగును. కొనువారిని మోసపుచ్చునది ఆ సంఖ్యయే. రంధ్రపు వ్యాసము పదింట ఒక వంతు పెరిగినచో దాని వైశాల్యము ఇరువది యొక్క శాతము పెరుగును. చమురు ఆ మేరకు ఎక్కువ పోవును. కాని దానిని కాల్చుటకు కావలసిన గాలి మాత్రము ఇంజెక్టరు తేలేదు. టర్బో పాతదే, గాలి పాతదే యైనచో అధికమైన చమురు నల్లని పొగయై పోవును; పొగ గొట్టపు వేడి పెరుగును. టర్బోకు ముందు ఆ వేడిని సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడుకు మించనీయక చూచుకొనుట అనుభవజ్ఞుల వాడుక. పిస్టనులోని అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. అడుగునుండి ఆయిలు చిమ్మి చల్లార్చుచుండుటచేతనే అది బ్రతికియున్నది. నిండు ట్రైలరుతో కొండ ఎక్కు బండికిని, పావుమైలు పందెమున పరుగెత్తు బండికిని ఒకే ఇంజెక్టరు తగదు. మొదటిదానికి స్వల్పముగా పెంచినదే మేలు; వేడి కొలుచు మీటరును ముందు కొని, ఇంజెక్టరును తరువాత కొనవలెను.

రంధ్రముల కోణమును చూడవలెను. పిస్టను నెత్తిన నున్న గిన్నెలోనికే చమురు పడవలెను. కోణము తప్పినచో సిలిండరు గోడపై పడి, ఆయిలును కడిగి, దానిని పలుచన చేయును. 1998 కి పూర్వపు పన్నెండు కవాటముల కమిన్స్ లో ఇంజెక్టరు ఏటవాలుగా నుండును గనుక అది ఒకే దిక్కున కూర్చుండునట్లు గుర్తు ఉండును. ఆ తరువాతి ఇరువది నాలుగు కవాటముల ఇంజనులో నిట్టనిలువుగా నడుమ నుండును. ఒకదానిది మరియొకదానికి పనికిరాదు.

బిగించుటలో బలముకంటె శుభ్రత ముఖ్యము. మూతులు విప్పకముందే చుట్టు నున్న మురికిని తుడిచి, విప్పిన గొట్టములకు వెంటనే మూతలు పెట్టవలెను. పాత ఇంజెక్టరు అడుగున నుండు రాగి వాషరు తరచు గుంటలోనే అంటుకొని నిలిచిపోవును. దానిని చూడక క్రొత్త వాషరుతో దించినచో ఇంజెక్టరు ఎత్తుగా కూర్చుండి, కోణము సరియైనను చమురు గురి తప్పును. నట్లను కొలత రెంచితో కంపెనీ చెప్పినంతే బిగించి, గొట్టపు మూతిని కొంచెము వదులుచేసి, గాలి బుడగలు పోయి చమురు వచ్చువరకు ఇంజను త్రిప్పుట పాత పంపుల పద్ధతి. నేటి అధిక పీడనపు ఇంజనులలో అట్లు వదులుచేయుట ప్రాణాపాయము. సన్నని ధార చర్మమును సూదివలె చీల్చి లోనికి పోవును. పైకి చిన్న చుక్కవలె కనబడి, వ్రేలు తీసివేయవలసిన స్థితి తెచ్చును. డీజెల్ ఇంజెక్టరు వలన ఇట్టి గాయము కలుగుట 1937 లోనే ఒక అమెరికా వైద్య పత్రిక కెక్కినది. కారుచున్నదేమో యని చేతితో తడుమరాదు. అట్టముక్క నడ్డుపెట్టి చూడవలెను. చుక్క పడినచో నొప్పి లేకున్నను ఆసుపత్రికి పోవలెను.

మెక్‌కెక్నీ ఆలోచన తిరిగి వచ్చినది ఈ అధిక పీడనముతోనే. ఒకే గొట్టములో చమురును నిలువ ఉంచు ‘కామన్ రైలు’ పద్ధతి 1997 లో ఆల్ఫా రోమియో 156 కారులో 1,350 బారుల ఒత్తిడితో వెలువడినది. 2001 లో జనరల్ మోటార్సు పికప్ లకు, 2003 మోడలుకు డాడ్జ్ పికప్ కు వచ్చినది. ఇందులో ఇంజెక్టరును తెరచునది విద్యుత్తు. ఎంతసేపు తెరువవలెనో చెప్పునది కంప్యూటరు. అసలు చిమ్మునకు ముందు రవ్వంత చిమ్మి, ఆ సుత్తి మ్రోతను అణచుట దీనివలననే సాధ్యమైనది. కొన్ని ఇంజనులలో ప్రతి ఇంజెక్టరుకు ఒక సంకేతము చెక్కియుండును. మార్చినప్పుడు దానిని కంప్యూటరునకు తెలుపవలెను.

2007 నుండి అమెరికా పికప్ లకు మసిని పట్టు జల్లెడ వచ్చినది. అధికముగా చమురు పోయు ఇంజెక్టరు ఆ జల్లెడను త్వరలో పూడ్చివేయును. జల్లెడను పీకివేయుట అక్కడి స్వచ్ఛవాయు చట్టమునకు విరుద్ధము. వేడుకకై నల్లపొగ క్రక్కించుచు వీథులలో తిరుగు యువకులు అక్కడ లేకపోలేదు. ఒక్క బొట్టు చమురైనను కాలక పోరాదని డీజెల్ తన ఆయువు ధారపోసిన యంత్రముతో ఆడు ఆట యది. మాకు అందులో ముచ్చట ఏమియు కనిపింపలేదు.