కడప జిల్లాలో హృద్రోగ చికిత్సా చరిత్ర – బహువ్యాధిగ్రస్తుల జీవన నాణ్యత: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం:

గుండెజబ్బుతో పాటు మధుమేహం, అధిక రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులు ఒకే మనిషిని పట్టి ఉండటం నేటి వైద్యానికి పెద్ద సవాలు. ఈ స్థితిలో ఉన్నవారి జీవన నాణ్యతను కడప జిల్లాలోని మూడు పట్టణ ప్రాంతాల వైద్య చరిత్ర నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడి వైద్య సేవలు ప్రధానంగా కాన్పు, ప్రమాదం, శస్త్రచికిత్స వంటి 'ఘటన'ల చుట్టూ పెరిగాయి. దీర్ఘరోగి జీవితం మాత్రం మందుల 'నెల' చుట్టూ తిరుగుతుంది. ఈ రెండు కాలమానాల మధ్య ఉన్న ఎడాన్ని గుర్తించకుండా జీవన నాణ్యతను అర్థం చేసుకోలేమన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: హృద్రోగం, సహవ్యాధి, జీవన నాణ్యత, కడప జిల్లా, ఆరోగ్యశ్రీ, 104 సేవలు, వైద్య చరిత్ర.

1. ప్రవేశిక:

రోగి ఎంతకాలం బతికాడన్నదే చాలాకాలం వైద్య విజయానికి కొలమానంగా ఉండేది. ఎలా బతికాడన్న ప్రశ్న క్రమంగా ముందుకు వచ్చింది. 1928లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ హృద్రోగులను నాలుగు తరగతులుగా విభజించింది. మామూలు పని చేసేటప్పుడు ఆయాసం, అలసట ఎంతమేరకు కలుగుతున్నాయన్నదే ఆ విభజనకు ఆధారం. 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం, ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదని, శారీరక, మానసిక, సామాజిక క్షేమమని నిర్వచించింది. ఒక ప్రధాన వ్యాధితో పాటు ఉండే ఇతర వ్యాధులను సూచించే 'సహవ్యాధి' భావనకు 1970లో అమెరికన్ వైద్యుడు ఆల్వన్ ఫైన్‌స్టీన్ పారిభాషిక రూపమిచ్చాడు. 1980లలో గుండె వైఫల్య రోగుల కోసం 21 ప్రశ్నల మిన్నెసోటా ప్రశ్నావళి, 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యత ప్రశ్నావళి రూపొందాయి.

ఈ భావనలన్నీ దూరదేశాల్లో పుట్టినవే. పెన్నా తీరంలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు, తోటల సీమ అయిన పులివెందులకు వాటిని అన్వయించాలంటే ముందుగా ఈ ప్రాంతంలో వైద్యం ఎలా విస్తరించిందో చూడాలి.

2. మిషన్ ఆసుపత్రి నుంచి ప్రభుత్వ ఆసుపత్రి వరకు:

లండన్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్ది ఆరంభ దశకాల్లోనే కడపలో పని ప్రారంభించింది. ఆ శతాబ్ది చివరి దశకంలో జమ్మలమడుగులో డాక్టర్ క్యాంప్‌బెల్ ఆధ్వర్యంలో వైద్య సేవలు మొదలయ్యాయి. నేటికీ ఆ ఆసుపత్రి క్యాంప్‌బెల్ పేరుతోనే ప్రసిద్ధం. అంటురోగాలు, కాన్పులు, గాయాలు, శస్త్రచికిత్సలు ఆనాటి మిషన్ వైద్యానికి ముఖ్య రంగాలు. రోగి వస్తాడు, కొన్నాళ్లు ఉంటాడు, నయమైతే వెళ్లిపోతాడు. ఏళ్ల తరబడి మందు వాడవలసిన రక్తపోటుకు సమర్థమైన మాత్రలు 1950ల తర్వాతే విరివిగా వచ్చాయి కనుక, నెలనెలా రోగిని చూసే వ్యవస్థ అప్పటికి ఏర్పడలేదు.

వైద్య పట్టభద్రుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ధర్మాసుపత్రిని నెలకొల్పారు. ప్రొద్దుటూరులో ప్రభుత్వ ఆసుపత్రి జిల్లా ఆసుపత్రి స్థాయికి ఎదిగింది. 2006లో కడపలో రాజీవ్‌గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ఏర్పడింది. ఈ క్రమంలో పడకలు పెరిగాయి, నిపుణులు వచ్చారు. అయినా ఆసుపత్రి అంటే పడక అన్న భావన మారలేదు.

3. శస్త్రచికిత్స అందుబాటులోకి వచ్చిన దశ:

గుండె శస్త్రచికిత్స కోసం రాయలసీమ రోగులు చాలాకాలం వేలూరు, మద్రాసు, బెంగళూరు, హైదరాబాదు నగరాల మీద ఆధారపడ్డారు. 1991 నవంబరులో పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ఉచిత హృదయ శస్త్రచికిత్సలతో ప్రారంభమైంది. 1993లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ సేవలు మొదలయ్యాయి.

2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మూడు జిల్లాల్లో ఆరంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెల్లకార్డు గల కుటుంబానికి ఏడాదికి రూ. 2 లక్షల వరకు చికిత్స అందించడం నాటి పథక స్వరూపం. అంతకుముందు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి పిల్లల గుండె శస్త్రచికిత్సలకు చేసిన సాయమే దీనికి పునాది. పొలం తాకట్టు పెట్టకుండా స్టెంటు వేయించుకోగలగడం పేద కుటుంబానికి చిన్న మార్పు కాదు.

అయితే పథకం చెల్లింపు విధానాన్ని పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చెల్లింపునకు ప్రమాణం 'ప్రొసీజరు'. స్టెంటుకు ఒక ధర, కవాట మార్పిడికి ఒక ధర. కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు తదుపరి పరీక్షలు, మందులు కూడా చేర్చారు. కానీ స్టెంటు వేయించుకున్న వ్యక్తి షుగరు, బీపీ, మూత్రపిండాల బలహీనత ఆ ప్యాకేజీ పరిధిలోకి రావు. గుండెకు చికిత్స జరిగింది. మనిషి తక్కిన జబ్బులతో ఇంటికి చేరాడు.

4. నెలవారీ వైద్యం:

2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో జరిగిన మరణకారణ అధ్యయనం 1,354 మరణాలను పరిశీలించి, సుమారు 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులు కారణమని తేల్చింది. అది కోస్తా ప్రాంత అధ్యయనం కనుక ఆ అంకెను కడప జిల్లాకు నేరుగా అన్వయించరాదు. కానీ గుండెజబ్బు పట్టణ ధనికుల జబ్బన్న అభిప్రాయాన్ని అది బలంగా ఖండించింది.

ఈ నేపథ్యంలో 2008లో మొదలైన 104 సంచార వైద్య సేవలకు ప్రత్యేక చారిత్రక ప్రాధాన్యం ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు నెలకొకసారి నిర్ణీత దినాన బండి వచ్చేది. గర్భిణులు, పిల్లలతో పాటు బీపీ, షుగరు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారిని పరీక్షించి మందులిచ్చేవారు. పలు దీర్ఘవ్యాధులకు ఊరిలోనే ఒకే చోట, తెలిసిన తేదీన మందు దొరికే ఏర్పాటు ఇది. ఆరోగ్యశ్రీ ఘటనకు ఏర్పడిన వ్యవస్థ అయితే, 104 నెలకు ఏర్పడిన వ్యవస్థ.

2010లో కేంద్రం మధుమేహం, క్యాన్సరు, హృద్రోగం, పక్షవాతాల నియంత్రణకు జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్య ఆసరా పేరిట, శస్త్రచికిత్స అనంతర విశ్రాంతి కాలానికి రోజుకు రూ. 225, నెలకు గరిష్ఠంగా రూ. 5,000 చెల్లించే పద్ధతిని తెచ్చింది. ఆపరేషన్ తర్వాతి జీవితానికి కూడా వెల ఉందని పాలనాపరంగా గుర్తించిన సందర్భమిది. 2023 ఏప్రిల్‌లో లాంఛనంగా ప్రారంభమైన కుటుంబ వైద్యుడి విధానం, వైద్యుణ్ణి 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి పంపడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది.

5. ఒకే దేహం – పలు చీటీలు:

సహవ్యాధులు జబ్బుల సంఖ్యను మాత్రమే పెంచవు. ఒక జబ్బు చికిత్స మరో జబ్బుకు అడ్డు రావచ్చు. గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లలో కొన్ని ఉబ్బసాన్ని పెంచుతాయి. ఇన్సులిన్ వాడేవారిలో షుగరు పడిపోయినప్పుడు కలిగే దడ వంటి హెచ్చరికలను అవి మరుగుపరచగలవు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్లలు ఒంట్లో నీరు నిలిపి గుండె వైఫల్యాన్ని, మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి.

ఆహారం విషయంలోనూ ఇదే చిక్కు. ఉప్పు తగ్గించమని గుండె వైద్యుడు, అన్నం తగ్గించమని షుగరు వైద్యుడు చెబుతారు. అన్నానికి బదులు రాగి సంగటి తిన్నా పక్కన ఊరగాయ ఉంటే ఉప్పు తగ్గదు. మూత్రపిండాలు బలహీనపడి రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదమున్న వ్యక్తికి పులివెందుల తోటల్లో పండే అరటి, చీనీ పండ్లు కూడా మితంగా తినవలసినవే అవుతాయి. నీళ్లు తక్కువ తాగమన్న సలహాను 40 డిగ్రీలు దాటే కడప ఎండలో పొలం పనిచేసే మనిషి ఎలా పాటించాలి? ఏ వైద్యుడి సలహా తప్పు కాదు. వాటిని కలిపి, ఈ మనిషికి ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చి చెప్పేవారు లేకపోవడమే లోపం. ఆ తీర్పు భారం చివరకు రోగి మీద, అతనికి వండిపెట్టే ఇల్లాలి మీద పడుతోంది. ఆ ఇల్లాలే రోగి అయితే ఆమె పథ్యం ఇంట్లో అందరికంటే వెనుకబడుతుంది.

6. కొలమానాల సమస్య:

మిన్నెసోటా ప్రశ్నావళి మెట్లెక్కడం, ఇంటి చుట్టూ పని, నిద్ర, ఖర్చు వంటి అంశాలను అడుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంక్షిప్త ప్రశ్నావళిలోని 26 ప్రశ్నలు శారీరక, మానసిక, సామాజిక, పర్యావరణ రంగాలను స్పృశిస్తాయి. ఇవి పనికివచ్చే సాధనాలే. కానీ 'మామూలు పని' అన్న మాటకు జమ్మలమడుగు ప్రాంత నేతకారుడికి మగ్గం, ప్రొద్దుటూరు నగల పనివాడికి గంటల తరబడి కూర్చునే పని, పులివెందుల రైతుకు తోటకు నీరు కట్టడం అర్థమవుతాయి. మాటను తెలుగులోకి మార్చినంత మాత్రాన కొలమానం తెలుగు జీవితానికి అమరదు. పైగా ఒక్క జబ్బును ఉద్దేశించిన ప్రశ్నావళిలో, ఆయాసం గుండె వల్లనా, ఊపిరితిత్తుల వల్లనా, రక్తహీనత వల్లనా అని విడదీసి చెప్పమని రోగిని అడగడం అసాధ్యం.

7. ముగింపు:

* ఈ మూడు ప్రాంతాల వైద్య చరిత్రలో మిషన్ ఆసుపత్రి నుంచి ఆరోగ్యశ్రీ వరకు ప్రధాన ధార ఘటనా కేంద్రితమైనది. అది ఎన్నో ప్రాణాలను నిలిపింది.
* 104 సేవలు, ఆరోగ్య ఆసరా, కుటుంబ వైద్యుడి విధానం వేర్వేరు కాలాల్లో, వేర్వేరు ప్రభుత్వాల కింద వచ్చినా నెలవారీ జీవితాన్ని గుర్తించిన ప్రయత్నాలుగా వాటిని ఒకే ధారలో చదవాలి. పేర్లు మారినప్పుడల్లా సేవ తెగిపోతే నష్టపోయేది మందు ఆపకూడని రోగే.
* జీవన నాణ్యత పరిశోధకులు ఎన్ని జబ్బులున్నాయన్న లెక్కతో ఆగకుండా, రోగి ఎన్ని చీటీలు పట్టుకు తిరుగుతున్నాడు, వాటన్నింటినీ కలిపి చదివేవారు ఒక్కరైనా ఉన్నారా, గత నెల మందు ఎన్నాళ్లు తప్పింది అన్న ప్రశ్నలను కూడా చేర్చుకోవాలి.

శస్త్రచికిత్సల సంఖ్య ప్రభుత్వ నివేదికల్లో దొరుకుతుంది. తప్పిపోయిన నెలల లెక్క ఎక్కడా దొరకదు. రోగుల దగ్గర మిగిలిన పాత చీటీల నుంచి, వారి నోటి మాటల నుంచి ఆ లెక్కను సేకరించడం ఈ ప్రాంత వైద్య చరిత్ర పరిశోధకుల ముందున్న పని.