లాటిన్ చీటీ, తెలుగు సరుకు

మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకి యూనికోడ్ అబ్బింది 2004లో, 4.1 కూర్పుతో. అయినా మనం ఫలానా అని చెప్పకపోతే ప్రతి పట్టికకీ లాటిన్1 అనే చీటీ అంటించేది. 2018లో 8.0 వచ్చేదాకా అదే తంతు. మన బ్లాగులూ వెబ్ పత్రికలూ పుట్టి పెరిగింది సరిగ్గా ఆ కాలంలోనే.

‘తెలుగు’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు. వాటిని 18 లాటిన్ అక్షరాలనుకుని దాచి, అలాగే తిరిగిచ్చినా పేజీలో తెలుగు చక్కగానే కనిపిస్తుంది. చీటీ తప్పన్న సంగతి ఎవరికీ తెలీదు.

గుట్టు బయటపడేది బ్యాకప్ దగ్గర. మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆ చీటీని నమ్మి, ప్రతి బైటునీ మళ్ళీ యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. తెలుగంతా నెత్తిన గీతపడ్డ ఇంగ్లిషు ‘ఏ’లూ, డిగ్రీ గుర్తులూ అయిపోతుంది. విరుగుడు ఉంది: డంప్ తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ లాటిన్1 అనే చెప్పి బైట్లని ఉన్నవున్నట్టు రాబట్టాలి. తర్వాత ఫైల్లోని ‘సెట్ నేమ్స్’ వరసనీ, పట్టికల చీటీలనీ యూటీఎఫ్8ఎంబీ4గా దిద్ది ఎక్కించాలి.

పాత ఫైలు చేతికొస్తే నేను ముందు వెతికేది ప్రశ్నార్థకాల కోసం. డిగ్రీ గుర్తులుంటే ఫరవాలేదు, బైట్లు బతికే ఉన్నాయి. అక్షరానికో ప్రశ్నార్థకం ఉంటే మాత్రం ఆ ఫైల్లో ఆ వాక్యం పోయినట్టే. అందుకే పాత డేటాబేసుని చెరిపేముందు, కొత్తచోట ఎక్కించిన ప్రతిని తెలుగు వచ్చినవాళ్ళెవరైనా ఓసారి చదవాలి.