ముంబయి గృహహక్కుల ఉద్యమం

నగర పునర్నిర్మాణ పథకాల వల్ల ఇల్లు కోల్పోయే ముంబయి పేదలు పని దొరికే చోటికి దగ్గరలోనే తమకు నివాసం కావాలని, ఆ పథకాలు గీసేటప్పుడు తమ మాట వినాలని దశాబ్దాలుగా సాగిస్తున్న పోరాటాలను కలిపి ఈ పేరుతో పిలుస్తారు. దీన్ని నడిపింది ఏ ఒక్క సంస్థో కాదు. గుడిసెవాసుల సమాఖ్యలు, ఫుట్‌పాత్ మహిళల పొదుపు సంఘాలు, న్యాయవాదులు, పాత్రికేయులు, ఆర్కిటెక్టులు, మిల్లు కార్మికులు తమతమ దారుల్లో నడిపారు. వారి మధ్య గట్టి విభేదాలూ ఉండేవి. 1976 నుంచి 1986 వరకు గడిచిన పదేళ్లు ఈ ఉద్యమానికి ఆయువుపట్టు.

పూర్వరంగం

1896 నాటి ప్లేగు తర్వాత, 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఇరుకు పేటలను పడగొట్టి వెడల్పు రోడ్లు వేసింది కానీ, పడగొట్టినన్ని ఇళ్లు తిరిగి కట్టలేదు. 1920లలో డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయిగావ్ వంటి చోట్ల కార్మికుల కోసం చాళ్లు (వరుసగా ఒంటిగది ఇళ్లుండే భవనాలు) కట్టింది. కట్టడపు పనులకు వెళ్లి కామాఠీపురాలో స్థిరపడిన తెలుగు కూలీలు, బట్టల మిల్లుల్లో చేరిన తెలంగాణ పద్మశాలీలు ఈ కార్మిక నగరంలో భాగమే. స్వాతంత్ర్యం తర్వాత దాదాపు పాతికేళ్లు మురికివాడ అంటే తొలగించాల్సినదన్న దృష్టే సాగింది. 1971 నాటి మహారాష్ట్ర మురికివాడల చట్టంతో తొలగింపుతో పాటు మెరుగుపరచడం కూడా ప్రభుత్వ విధానంలో చోటు చేసుకుంది.

జనతా కాలనీ

ఉద్యమ చరిత్ర సాధారణంగా మాన్‌ఖుర్ద్ దగ్గరి జనతా కాలనీతో మొదలవుతుంది. అక్కడివారు ఆ స్థలాన్ని ఆక్రమించుకుని చేరినవారు కారు. వేరే పేటల నుంచి మున్సిపాలిటీయే వారిని తెచ్చి అక్కడ దించింది. తర్వాత పక్కనే ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రం ఆ భూమి తనకు కావాలంది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పుట్టి, వడ్రంగి పని చేసుకుంటూ బొంబాయి చేరిన జాకిన్ అర్పుతం ఇక్కడే నాయకుడిగా ఎదిగారు. కాలనీలో పేరుకుపోయిన చెత్తను పిల్లల చేత పొట్లాలు కట్టించి మున్సిపల్ కార్యాలయం ముందు పడేయించడం ఆయన తొలి పోరాటాల్లో ఒకటి. ఏళ్ల తరబడి వినతులతో, కోర్టు కేసులతో ఆపుతూ వచ్చిన తొలగింపు ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, పోలీసు బలగాల నడుమ జరిగిపోయింది. దాదాపు 70 వేల జనాభాను ట్రాంబే వైపున్న చీతా క్యాంపుకు తరలించారు.

కాలనీ దక్కకపోయినా ఆ పోరాటం నుంచి దేశవ్యాప్త గుడిసెవాసుల సమాఖ్య పుట్టింది. జాకిన్‌కు 2000లో రామన్ మెగసెసే పురస్కారం, 2011లో పద్మశ్రీ వచ్చాయి. ఆయన 2018లో మరణించారు.

అదే 1976 జనవరిలో ప్రభుత్వం నగరంలోని గుడిసెలను ఒకే రోజున లెక్కించి, నంబర్లు వేసి, గుర్తింపు కార్డులు ఇచ్చింది. అక్కడి నుంచి ముంబయి పేదల జీవితంలో కాగితానికి అపారమైన విలువ ఏర్పడింది. లెక్కలో ఉన్నవారికి ప్రత్యామ్నాయ స్థలం అడిగే వీలుంది, లేనివారికి అదీ లేదు. ఫుట్‌పాత్‌ల మీద బతికేవారిలో చాలామంది ఆ లెక్కకు ఎక్కలేదు.

ఫుట్‌పాత్ కేసు

1981 జులైలో ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ఫుట్‌పాత్ వాసులను ఖాళీ చేయించి సొంత ఊళ్లకు పంపాలని ఆదేశించారు. నిండు వానాకాలంలో గుడిసెలు పీకి, మనుషులను బస్సులెక్కించి నగరం దాటించడం మొదలైంది. పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్, పౌరహక్కుల సంఘాలు, స్వయంగా గుడిసెలు పోగొట్టుకున్నవారు కోర్టులను ఆశ్రయించారు. న్యాయవాది ఇందిరా జైసింగ్ వారి పక్షాన వాదించారు.

వాదన సూటిగా ఉంది. ఈ జనం ఫుట్‌పాత్‌ను ఎంచుకున్నది పని అక్కడికి దగ్గర కాబట్టి. నివాసం తీసేస్తే పని పోతుంది, పని పోతే బతుకు పోతుంది. 1985 జులై 10న ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి ఆ ధర్మాసనంలో ఒకరు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ రాసిన ఆ తీర్పు, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని నిర్ధారించింది. భారత న్యాయచరిత్రలో మేలిమి తీర్పుల్లో దీనికి చోటుంది.

అయితే కక్షిదారులకు దక్కింది తక్కువ. నోటీసు లేకుండా ఆక్రమణలు తొలగించే అధికారం ఇచ్చే మున్సిపల్ చట్టం 314వ సెక్షన్‌ను కోర్టు కొట్టివేయలేదు. మామూలుగా నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం కల్పించాలని మాత్రమే అంది. 1976లో కార్డులు పొందిన గుడిసెవాసులకు ప్రత్యామ్నాయ స్థలాలు ఇవ్వాలంది. అదే గణనలో నమోదైన ఫుట్‌పాత్ వాసులకు నగర శివారులోని మాల్వాణీలో గానీ, అంతకన్నా దూరం కాని మరో చోట గానీ జాగా చూపాలంటూనే, తొలగింపుకు అది ముందస్తు షరతు కాదని చెప్పింది. 20 ఏళ్లకు పైబడి, మెరుగుపరచిన బస్తీలను ప్రజావసరానికి తప్ప కదపరాదంది. ఆ ఏడాది అక్టోబరు 31 వరకు ఎవరినీ తొలగించవద్దని గడువు పెట్టింది.

ఆ గడువు లోపలే ఉద్యమంలో అత్యంత ఫలవంతమైన పని జరిగింది. 1984లో షీలా పటేల్ తదితరులు స్థాపించిన స్పార్క్ సంస్థ బైకుల్లా ప్రాంతపు ఫుట్‌పాత్ మహిళలతో పనిచేసేది. ఆ సంస్థ 1985లో దాదాపు 6 వేల ఫుట్‌పాత్ కుటుంబాలను గుడిసె గుడిసెకూ తిరిగి లెక్కించి నివేదిక ప్రచురించింది. ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏం పని చేస్తారు, ఎంత సంపాదిస్తారు అన్నవి మొదటిసారి అంకెలుగా అధికారుల ముందుకు వచ్చాయి. గడువు తీరాక, భయపడినంత భారీ కూల్చివేత జరగలేదు. 1986లో ఈ మహిళలే మహిళా మిలన్‌గా ఏర్పడ్డారు. రోజూ కొద్ది రూపాయలు పొదుపు చేశారు. తమకు కావలసిన ఇంటిని చీరలతో, గుడ్డలతో కొలిచి నిజమైన పరిమాణంలో నిలబెట్టి చూసుకున్నారు. 14 అడుగుల ఎత్తు, లోపల అటక ఉన్న గది వారి ఆలోచనే. చదువుకున్న ప్లానర్లు గీయని ఈ నమూనా తర్వాత పెద్ద మురికివాడ అయిన ధారావిలో సహకార భవనాలకు ఎక్కింది. బైకుల్లా కుటుంబాల్లో కొన్ని చాలా ఏళ్లకు మాన్‌ఖుర్ద్‌లోని మిలన్ నగర్‌లో స్థిరపడ్డాయి.

ఇదే కాలంలో నివారా హక్ సురక్షా సమితి వీధి పోరాటం ఎంచుకుంది. ఆనంద్ పట్వర్ధన్ 1985లో తీసిన ‘హమారా షహర్’ డాక్యుమెంటరీ కూల్చివేతలను మధ్యతరగతి కళ్ల ముందు పెట్టింది. 1986 మార్చిలో కఫ్ పరేడ్ పక్కన ఉన్న సంజయ్ గాంధీ నగర్‌ను పడగొట్టినప్పుడు, నివాసులతో పాటు పట్వర్ధన్, హైదరాబాదులో పుట్టిన నటి షబానా ఆజ్మీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. చివరకు గోరేగావ్ దిండోషీలో స్థలం దక్కింది. ఆర్కిటెక్ట్ పి.కె. దాస్ ఆ పునరావాసంలో వారితో కలిసి పనిచేశారు.

ఉచిత ఇంటి పథకం

1985 చివర ప్రధాని రాజీవ్ గాంధీ నగరానికి ప్రకటించిన 100 కోట్ల రూపాయల గ్రాంటులో ఒక భాగం ధారావికి వెళ్లింది. అయితే 1995 నాటి మురికివాడల పునరావాస పథకం లెక్కనే మార్చేసింది. అప్పట్లో గుడిసెవాసుల్లో 70 శాతం ఒప్పుకుంటే బిల్డరు వారికి 225 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా కట్టి ఇచ్చేవాడు. మిగిలిన నిర్మాణ హక్కుతో మార్కెట్లో అమ్ముకునే ఫ్లాట్లు వేసుకునేవాడు. ఫుట్‌పాత్ వాసులకూ అర్హత లభించడం ఇందులో మెచ్చదగిన అంశం. భూమి ఖరీదైన చోటే బిల్డర్లు ముందుకు రావడం, దొంగ సమ్మతి సంతకాలు, గాలి వెలుతురు లేని ఇరుకు టవర్లు, ఏళ్లకేళ్లు ట్రాన్సిట్ క్యాంపుల్లో పడిగాపులు దీని దోషాలు. ఇంటి పరిమాణం తర్వాత 269కి, ఆపై 300 చదరపు అడుగులకు పెరిగింది. అర్హతకు పెట్టిన కటాఫ్ తేదీ మొదట 1995 జనవరి 1 కాగా, తర్వాత 2000 జనవరి 1కి జరిగింది. 2004-05 శీతాకాలంలో వేలాది గుడిసెలు నేలమట్టమైనప్పుడు వాటిలో ఎక్కువ భాగం అప్పటికి అమల్లో ఉన్న కటాఫ్ తేదీ తర్వాతివే. మేధా పాట్కర్ నాయకత్వంలో ఘర్ బచావో ఘర్ బనావో ఆందోళన్ ఆ కూల్చివేతల నడుమే బలపడింది.

మూతపడిన బట్టల మిల్లుల భూముల విషయంలో మాత్రం కార్మికులు ఓడిపోయారు. 1991 నిబంధన ప్రకారం ఆ భూమిలో మూడో వంతు నగరానికి, మూడో వంతు ప్రజా గృహనిర్మాణానికి రావాలి. 2001లో చేసిన సవరణ ఈ వాటాలను ఖాళీ జాగాకే పరిమితం చేసింది. 2005లో బొంబాయి హైకోర్టు ప్రజల పక్షాన తీర్పిచ్చినా, 2006లో సుప్రీంకోర్టు దాన్ని తిరగరాసింది.

ఇటీవలి కాలం

2034 వరకు వర్తించే అభివృద్ధి ప్రణాళిక విషయంలో సంఘాలు ముందే మేల్కొన్నాయి. వార్డుల వారీగా సమావేశాలు జరిపి, నగర పటంలో మురికివాడలను, కోలీ మత్స్యకారుల వాడలను చూపించాలని పట్టుబట్టాయి. 2015లో వెలువడిన ముసాయిదాను విమర్శల మధ్య ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ వెనక్కి పంపారు. సవరించిన ప్రణాళిక 2018లో ఆమోదం పొందింది.

తాన్సా నీటి పైప్‌లైన్ పక్క నుంచి మాహుల్‌కు పంపిన కుటుంబాలు చుట్టూ ఉన్న రిఫైనరీల కాలుష్యంతో రోగాల పాలయ్యామని 2018లో విద్యావిహార్ రోడ్డు పక్కనే నెలల తరబడి బైఠాయించాయి. అక్కడ ఉండలేమన్న వారికి నెలకు 15 వేల రూపాయల అద్దె చెల్లించాలని 2019లో బొంబాయి హైకోర్టు ఆదేశించింది.

2004 నుంచి కాగితాల మీదే నలిగిన ధారావి పునర్నిర్మాణానికి 2022 నవంబరులో అదానీ సంస్థ 5,069 కోట్ల రూపాయల బిడ్‌తో ఎంపికైంది. 2000కు ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నవారికి ధారావిలోనే 350 చదరపు అడుగుల ఉచిత ఇల్లు వస్తుంది. పై అంతస్తుల్లో ఉన్నవారికి, ఆ తేదీ తర్వాత చేరినవారికి ఆ హక్కు లేదు. వారికి ధారావి వెలుపల ఇళ్లు చూపుతామన్నది ప్రతిపాదన. ఒక్కరినీ బయటికి పంపకుండా అందరికీ ధారావిలోనే ఇళ్లివ్వాలని, కుమ్మరుల బట్టీలు, తోలు పని, రీసైక్లింగ్ వంటి పనులకు కూడా అక్కడే చోటు చూపాలని స్థానిక సంఘాలు కోరుతున్నాయి.