రవివర్మ లక్ష్మి, మా హాలు గోడ

కొత్త ఫ్లాట్ హాలుకి రవివర్మ లక్ష్మిని యాక్రిలిక్‌లో గీయిద్దామన్నాను. "నకలుకి అంత డబ్బెందుకురా, కోటప్పకొండ తిరనాళ్లలో పటం దొరకదా?" అంది మా అమ్మ. నరసరావుపేట వాళ్లం కదా, ఏ ధరకైనా మాకు తిరనాళ్లే కొలమానం.

కానీ మా అమ్మ దణ్ణం పెట్టుకునే పటం మాత్రం అసలుదా ఏంటి? రవివర్మ 1896లో వేసిన లక్ష్మి, సరస్వతి తైలవర్ణ చిత్రాలు వడోదరలో ఉన్నాయి. మన ఇళ్లకొచ్చింది వాటి కాపీల కాపీలు. (ఓపెన్ సోర్స్ అప్పుడే ఉందన్నమాట!)

బొమ్మల్ని ఓలియోగ్రాఫులుగా అచ్చేయించమని దివాన్ టి. మాధవరావు 1884లోనే రవివర్మకి సలహా ఇచ్చాడు. పదేళ్లకి, 1894లో, బొంబాయిలో ప్రెస్సు మొదలైంది. యంత్రాలు, పనివాళ్లు జర్మనీ నుంచి. ఒక్కో రంగుకి ఒక్కో సున్నపురాయి పలక. అన్నీ ఒకే కాగితం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. పైన వార్నిష్ పూస్తే తైలవర్ణ చిత్రంలాగే మెరిసేది. జనం ఊరుకున్నారా, లక్ష్మి చీరకి జరీ గుడ్డ, చమ్కీలు అంటించుకున్నారు. ఇంత చేసీ ప్రెస్సు అప్పుల్లో పడింది, తర్వాత ష్లైషర్ అనే జర్మన్ చేతికి పోయింది. 1972లో తగలబడింది.

ఇది కళకి అపచారం అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. గుడి గడప తొక్కనివ్వని వాళ్ల ఇళ్లలోకి కూడా దేవుడు వెళ్లింది ఈ కాగితం మీదే. బ్రహ్మనాయుడి చాపకూడు కథ వింటూ పెరిగిన పల్నాడు వాడిని, ఇది చిన్న విషయమని ఎలా అనుకోను?

ఇక యాక్రిలిక్ సంగతి. నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులు 1950లలోగానీ రాలేదు. తైలవర్ణం పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. ఇది నిమిషాల్లో ఆరిపోతుంది. అందుకే చౌక. చిక్కూ అక్కడే: లక్ష్మి బుగ్గ మీద వెలుగు నీడలోకి కరిగేచోట, తడి ఆరేలోపు రంగులు కలపాలి, లేదా పల్చటి పూతలు ఒకదానిమీద ఒకటి వేసుకుంటూ పోవాలి. ఆరాక రంగు కాస్త ముదురుతుంది కూడా. గీయించేవాళ్లు ముందుగా ముఖం, చేతులు చూపించమని అడగండి. చీర ఎవరైనా వేస్తారు.

అన్నట్టు, రాజమండ్రి దామెర్ల రామారావు బొమ్మ మీలో ఎంతమంది ఇంట్లో ఉంది? 1925లో, 28 నిండకుండానే, మశూచితో పోయాడు. దాదాపు నా వయసే. రవివర్మలా ఆయనకో ప్రెస్సు లేదు. మన దేశంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లకి హక్కులు తీరిపోతాయి, కాబట్టి ఆయన బొమ్మల్ని నిక్షేపంగా గీయించుకోవచ్చు. 1992లో పోయిన వడ్డాది పాపయ్యవి మాత్రం 2052 చివరిదాకా ఆగాలి.

మా అమ్మ లక్ష్మికి సరేనంది, పూజగదిలో పటం మాత్రం మార్చనంది. హాలులో రెండో గోడ ఖాళీగా ఉంది. అక్కడికి దామెర్ల 'సిద్ధార్థ రాగోదయం' అడుగుతున్నాను.